కుందేలు కుక్కలను తరిమిన నేల

పాంచాలంకురిచ్చి యన్నంతనే నేటివారికి 1959 నాటి చలనచిత్రమును, అందలి శివాజీ గణేశన్ గర్జనయు జ్ఞప్తికి వచ్చును. ఈ సీమలోని తెలుగిండ్ల పెద్దలకు మాత్రము ముందుగా జ్ఞప్తికి వచ్చునది ఒక కుందేలు. సాలికుళపు అడవిలో వేట సాగుచుండగా ఏడు వేటకుక్కలు ఒక కుందేటిని తరుముకొని వచ్చినవట. ఒకానొక చోట కాలు మోపగానే ఆ కుందేలు నిలిచి, వెనుదిరిగి, ఆ యేడు కుక్కలను తరిమివేసినదట. ఇది సామాన్యమైన నేల కాదని తలచి పాళెగాడు అచ్చటనే కోట కట్టించి, తన పూర్వుడగు పాంచాలుని పేరు దానికి పెట్టెనని చెప్పుకొందురు.

ఈ కథను విన్న చదువరులు రెండు విధముల నుందురు. నవ్వువారు కొందరు, మన మట్టికి మహిమ కలదని రొమ్ము విరుచుకొనువారు కొందరు. మా యభిప్రాయమున ఉభయులును కథను సగమే విన్నారు.

నవ్వువారు చూపు హేతువు బలమైనదే. విజయనగర స్థలనిర్ణయమునకు విద్యారణ్యస్వామికి ఇట్టి కుందేలే కనబడినదందురు. 1411లో అహమ్మదాబాదును స్థాపించిన అహమ్మద్ షాను గూర్చియు ఇదే మాట కలదు. కనుక ఇది అరువు కథ యని వారి తీర్పు. అరువే కావచ్చును. కంబళత్తు నాయకులు ఉత్తరపు తెలుగు కన్నడ సీమలనుండి దక్షిణమునకు దిగివచ్చినవారు. బండ్లపై వలసవచ్చువారు విత్తనములను, వేల్పులను తెచ్చుకొనినట్లే కథలనుగూడ తెచ్చుకొందురు. విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న వేరు: ఇన్ని జంతువు లుండగా కుందేటినే యేల కాపాడుకొనిరి? సింహమైనచో రాజసము తోచును గదా! కుందేటికి కోరలు లేవు, కొమ్ములు లేవు; పరుగొకటే దానికి దిక్కు. తరుమబడి వచ్చిన జనము తమ్ము తాము చూచుకొనుటకు ఇంతకన్న తగిన జంతువు దొరకదు. కథలోని మహిమ కుందేటిది కాదు, ఇక పారిపోనని అది నిలిచిన చోటిది.

ఈ వలసను గూర్చిన మరియొక కథను 1909లో థర్‌స్టన్ తన కులముల గ్రంథమున వ్రాసియున్నాడు. తమ పిల్లను బలవంతముగా కోరిన తురక ప్రభువునకు వెరచి పారిపోవుచుండగా ఏరు అడ్డమైనదట. అప్పుడు కానుగచెట్లు వంగి వారధియై వీరిని దాటించినవట. అందుచేత తొట్టియ నాయకులకు కానుగచెట్టు పూజ్యము. ఇందును సాయము చేసినది ఏనుగు కాదు, గరుత్మంతుడు కాదు, ఏటిగట్టు చెట్టు.

ఇట్టి నమ్మకములను తిరునెల్వేలి సీమలో మొట్టమొదట శ్రద్ధగా పరిశీలించి వ్రాసినవారిలో బిషప్ కాల్డ్వెల్ ముఖ్యుడు. 1881లో ఆయన ప్రకటించిన తిరునెల్వేలి చరిత్ర లేకున్నచో పాంచాలంకురిచ్చి యుద్ధములను గూర్చి మనకు తెలిసినది చాల తక్కువగా నుండెడిది. ఆ ఋణము మేము మరువము. అయినను 1849లో ప్రకటించిన పుస్తకమున ఇచ్చటి గ్రామదేవతల కొలుపులన్నింటిని ఆయన దయ్యముల పూజ యను ఒక్క మాటతో కట్టివేసెను. ఆయన పుట్టినది 1814లో, ఐర్లండు దేశపు ఆంట్రిము సీమలో. తల్లిదండ్రులు స్కాట్లండువారు. యౌవనమున కొన్నియేండ్లు డబ్లిను నగరమున చిత్రలేఖనము నేర్చి, 1838లో చెన్నపట్టణము చేరెను. మరి ఆ పుట్టిన దేశమున జనులు ఏమి నమ్ముచుండిరి?

1825లో క్రోకరు అనునాయన దక్షిణ ఐర్లండు కథలను అచ్చు వేయించెను. ఆయన లండనులో నౌకాశాఖ కార్యాలయపు గుమాస్తా. రికార్డులో లేనిది లేదనుట మా గుమాస్తా జాతి స్వభావము. ఆయన రికార్డుకెక్కని దానికొరకే పల్లెలు తిరుగుట మాకు ముచ్చట గొలిపినది. ఆ దేశమున లెప్రెకాన్ అను పొట్టి చెప్పులు కుట్టువాడు కలడు. పట్టుకొనిన దాచిన బంగారము చూపును, కన్ను మరల్చిన మాయమగును. బాన్షీ యను స్త్రీ ప్రాచీన వంశములవారి యింట చావు రానున్నప్పుడు ఏడ్చును. పొలములలోని గుండ్రని మట్టిగోడల ఆవరణములు పూర్వపు కాపుల ఇండ్ల ప్రాకారములని పండితులందురు. అవి అదృశ్యజనుల కోటలని పల్లెవారు నాగలి తగులనీయరు. పొలము నడుమ ఒంటరిగా నిలిచిన ముండ్లచెట్టును నరుకరు. 1999లో క్లేర్ సీమలోని లాటూన్ వద్ద రాజమార్గము వేయునపుడు అట్టి చెట్టొకటి అడ్డురాగా, కథకుడొకడు పత్రికల కెక్కించి పోరాడెను. చెట్టును మిగుల్చునట్లు మార్గపు పటమును సవరించిరి. మన కానుగకును దానికిని చుట్టరికము కలదనుటకు ఇంకేమి కావలెను?

కుందేలు అచ్చటను కలదు. కాని కథ అడ్డము తిరిగినది. ఐర్లండులో ముసలి స్త్రీలు కుందేళ్ల రూపము దాల్చి పొరుగువారి ఆవుల పాలు దొంగిలుదురను నమ్మకమును పండ్రెండవ శతాబ్దపు గిరాల్డసే పేర్కొనెను. తరువాతి కథలలో వేటకుక్కలు ఆ కుందేటిని తరిమి తొడ కరచును. అది ఒక గుడిసెలో దూరును. వేటగాండ్రు లోనికి పోయి చూడగా ఒంటరి ముసలిది తొడనుండి నెత్తురు కారుచు కూర్చుండును. కుందేలు, కుక్కలు, పరుగు అన్నియు నవే. ఇచ్చట తరుమబడిన ప్రాణికి కథ నేల నిచ్చినది. అచ్చట తరుమబడిన ముదుసలిపై నేరము మోపినది. ఆవు పాలు ఎండినప్పుడు ఊరికి ఒక దోషి కావలెను గదా; దిక్కులేని ఆడుది సులభముగా దొరకును.

ఇది కథతో పోలేదు. 1895లో టిప్పెరరీ సీమలో బ్రిజెట్ క్లియరీ యను ఇరువదియారేండ్ల యిల్లాలు జబ్బుపడగా, అసలు భార్యను మిట్టజనము ఎత్తుకొనిపోయి మారురూపు దానిని ఇచ్చట ఉంచిరని నమ్మి మగడు ఆమెను కాల్చెను. చుట్టములును ఆ హింసలో పాలుపంచుకొనిరి. నిజమైన భార్య తెల్లగుఱ్ఱముపై వచ్చునని అతడు ఆ ప్రాంతపు మట్టికోట వద్ద కాచియుండెనట. న్యాయస్థానము ఇరువదియేండ్ల శిక్ష విధించెను.

ఇప్పుడు పాంచాలంకురిచ్చికి మరలుదము. 1799లో కట్టబొమ్మును కయత్తారులో ఉరితీసిన పిమ్మట, మూగవాడగు తమ్ముడు ఊమైదొర 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెరనుండి తప్పించుకొని, కూలిన కోటను కొలది దినములలో మరల లేపెను. మే 24న కుంఫిణీ సేనలు దానిని పట్టుకొనెను. ఆ యుద్ధమున నున్న వెల్ష్ అను అధికారి 1830లో ప్రకటించిన గ్రంథమున ఒక వృత్తాంతము చెప్పెను. చచ్చినవారి నడుమ కొడుకును వెదకిన ఒక తల్లికి, గాయపడిన ఆ కొడుకు తన్ను విడిచి ప్రక్కనున్న దొరను రక్షింపుమని చెప్పెనట. ఆమె ఊమైదొరను ఇంటికి చేర్చెను. ఎట్టయపురము భటులు వెదకుచు రాగా, ఆడువారు అతనిపై గుడ్డ కప్పి, పిల్లవాడు అమ్మవారు పోసి చనిపోయెనని ఏడ్చిరి. భటులు వెనుదిరిగి పారిపోయిరి. ఏడు కుక్కలను తరిమిన కుందేలు మాకు ఇచ్చట కనబడినది.

భయమొకటే, ఆ భయము ఎవరి చేతిలో నున్నది, ఎవరిమీద పడినది యనుటయే మాకు కొలబద్ద. కాల్డ్వెల్ దొర మాటలో ఈ కొలతకు చోటులేదు. మన మట్టి మహిమ పాడువారి మాటలోను లేదు. వీరకథలు మనవి, క్రూరకథలు వారివి యని మేము తక్కెడ తూచుట లేదు. బాణామతి చేసినదను అనుమానముపై ఆడువారిని కొట్టి చంపిన వార్తలు తెలుగు పత్రికలలో మేమును చదివితిమి. పాలు దొంగిలు కుందేలు మన పల్లెలలోను తిరుగుచున్నది. జక్కమ్మకు మ్రొక్కు నోటితోనే పొరుగింటి ముసలమ్మను మంత్రగత్తె యనువారు కలరు.

కనుకనే కథలను ఏరి చదువుటకు ముందు, ఉన్నవానిని ఉన్నట్లు వ్రాసికొనుట అవసరము. ఐర్లండువారు 1937 మొదలు 1939 వరకు బడిపిల్లలచేత తాతలను అవ్వలను అడిగించి నోటుపుస్తకములలో వ్రాయించిరి. మన సీమలో కట్టబొమ్ము కథాగేయములను నా. వానమామలై పరిష్కరించిరి, కోవిల్పట్టి చెంతనున్న ఇడైచెవల్ వాసి కి. రాజనారాయణన్ తెలుగు వలసలను నవలగా మలచి, పల్లెకథలను కూర్చిరి. ఆ కృషి యంతయు తమిళమున జరిగినది. తెలుగు మాటలాడుచు తెలుగు చదువనేరని ఇండ్లలో అవ్వలు చెప్పిన మాట ఆ అవ్వలతోనే పోవుచున్నది. విరుదునగరు, కోవిల్పట్టి, రాజపాళయము ప్రాంతముల నేయింటనైనను ఈ కుందేటి కథ మరియొక తీరున వినబడిన యెడల, తమిళ లిపిలోనైనను సరే, చెప్పినవారి మాట మార్చక వ్రాసి పంపగోరుదుము. కుక్కలెన్ని, కుందేలు ఎచ్చట నిలిచినది, పిదప ఏమైనది యనునవి తప్పక చేర్పవలెను. కుక్కలను తరిమిన తరువాత ఆ కుందేలు ఎటు పోయినదో మేము విన్న కథలో లేదు.