పళ్ళూ, చుట్లూ

గుడివాడలో సంక్రాంతికి జరిగే బండలాగుడు పోటీలు చూశారా ఎప్పుడైనా? ముందు గిత్తల నోరు తెరిచి పళ్ళు చూస్తారు. రెండు పళ్ళవి ఒక తరగతి, నాలుగు పళ్ళవి మరొకటి, ఆరు పళ్ళవి ఇంకొకటి. లేతగిత్తని ముదురుగిత్తతో ఓడించడం పందెమవుతుందా మరి!

బొమ్మకార్ల పందేల నిబంధనలు చదువుతుంటే ఆ పళ్ళే గుర్తొచ్చాయి నాకు. గాడిలో ఇరుక్కుని, గాడి పక్కనుంచే కరెంటు తీసుకుని పరుగెత్తే కార్లవి. అసలు కార్లకు పావుమైలు పందెమైతే, వాటిలో ఇరవైనాలుగో వంతు ఉండే వీటికి 55 అడుగులు. రెండు కార్లు, సూటిగా ఒక్క పరుగు, అంతే. ఇక్కడ పళ్ళకు బదులు మోటారులో రాగితీగ ఎన్ని చుట్లో, ఎంత లావో చూస్తారు. చుట్లు తగ్గి తీగ లావైతే కరెంటు ఎక్కువ తాగి వేగం పుంజుకుంటుంది. అందుకే తరగతులు. న్యాయమే.

నాకు గిట్టనిది సీలు మోటారు నిబంధన. తక్కువ వోల్టుల మీద తిప్పి బ్రష్షులు కుదురుకునేలా చేసుకోవచ్చుట గానీ, విప్పకూడదుట. బ్రష్షులు రాసుకునే రాగిభాగం మసి తుడవకూడదు, స్ప్రింగు మార్చకూడదు. మన మిక్సీలో అరిగే కార్బన్ బ్రష్షుల్లాంటివే అవీను! అందరికీ సమానం అంటారు. ఏం సమానం? ఒకే రకం మోటార్లు పది కొంటే పదీ ఒక్కలా తిరగవు. డబ్బున్న పిల్లాడు పదీ కొని మంచిది ఏరుకుంటాడు. ఒక్కటే కొన్నవాడికి ఉన్న ఆస్తల్లా చేతి పనితనం. దానికా సీలు?

విప్పనిస్తే చుట్లు మార్చేస్తారని భయమైతే, గెలిచిన మోటారు పందెమయ్యాక విప్పి లెక్కపెట్టుకోరాదూ?