పాచికలు, ఓడలు, క్రియలు
ఫ్రెంచి క్రియను ఒక్కో కాలంలో ఆరు పురుషల్లో నేర్పుతారు. పాచికకూ ఆరు ముఖాలే. ఈ పొత్తు కనిపెట్టిన టీచరెవరో గానీ దండం పెట్టాలి. ఒకటి పడితే ‘జ’ (నేను), నాలుగు పడితే ‘ను’ (మేము). దానికి తగ్గ క్రియారూపం చెప్పాలి. స్పానిష్‌కూ అదే పాచిక. కాకపోతే లాటిన్ అమెరికాలో ‘వొసోత్రోస్’ (మీరంతా) వాడరు, ఒక ముఖం ఖాళీ.

బ్రిటన్ బడుల్లో ఆడించే కాగితపు ఓడల ఆట నాకు మరీ ఇష్టం. గళ్లకు పైన సర్వనామాలు, పక్కన క్రియలు. ఎదుటివాడు దాచిన ఓడ మీద గుండు వేయాలంటే ‘ను ఫినిసోఁ’ (మేము ముగిస్తాం) అని పూర్తిగా పలకాలి. వల్లెవేయమంటే ఆవలించే పిల్లలే ఓడ మునిగేదాకా పలుకుతూనే ఉంటారు.

ఇక ఫ్రెంచి ‘ఎత్ర్’ ఇల్లు. భూతకాలంలో సహాయక క్రియగా ‘అవ్వార్’ను కాదని ‘ఎత్ర్’ పట్టే ముఖ్యమైన క్రియలు ఒకే ఇంటి బొమ్మలో ఉంటాయి. రావడం, పోవడం గుమ్మం దగ్గర. ఎక్కడం, దిగడం మెట్ల మీద. పుట్టడం, చావడం కూడా ఆ ఇంట్లోనే!

కంప్యూటర్ క్విజ్‌ల ముందు ఇవి పాతబడ్డాయనే మాట నేనొప్పను. చాలా క్విజ్‌లలో జవాబు గుర్తుపడితే సరిపోతుంది. ఈ ఆటల్లో నోరు తెరవక తప్పదు.