సుల్తాన్ రజియా, హుస్సేన్‌బీ

తెలుగులో చరిత్ర పాఠం రాసినా, కవిత రాసినా ఎక్కువమంది 'రజియా సుల్తానా' అనే రాస్తారు. ఆ చివరి దీర్ఘం ఎక్కణ్ణుంచి వచ్చింది? 1236 నుంచి 1240 దాకా ఢిల్లీని ఏలిన ఆ మనిషిని ఆమె కాలపు చరిత్రకారుడు మిన్హాజ్ 'సుల్తాన్' అనే రాశాడు. ఏలికకు కావాల్సిన గుణాలన్నీ ఆమెకున్నాయి గానీ మగపుట్టుక లేకపోయాక అవన్నీ ఏం లాభమని నిట్టూర్చిందీ అతనే. నిట్టూర్చాడే తప్ప బిరుదు మాత్రం మార్చలేదు. ఆ పని మనవాళ్ళు చేశారు.

దీర్ఘంతో ఏం పోయింది అంటారా? సుల్తానా అంటే ఏలే స్త్రీ కావొచ్చు, ఏలేవాడి భార్యా కావొచ్చు. రాణి మాటా అంతే. స్త్రీలింగం తగిలించగానే గద్దె ఎవరిదన్న అనుమానం వస్తుంది. రజియా పోయాక పాతికేళ్ళు తిరక్కుండానే ఓరుగల్లు గద్దెనెక్కిన రుద్రమ, శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అయింది. 1384లో పోలండ్‌లో యాద్విగాకు 'రాజు'గానే పట్టం కట్టారు. 1741లో హంగేరీలో మరియా తెరీసాకూ అంతే. మతాలు వేరు, భాషలు వేరు, ఇరుకు మాత్రం ఒకటే. అయినా రుద్రమ మగ పేరు పెట్టుకుంటే వీరత్వం అంటారు. రజియా గోషా వదిలి దర్బారులో కూర్చుంటే 'ముస్లిం అయినా' అంటారు. ఆ 'అయినా' దగ్గరే మా పేచీ.

అట్లాగని మా ఇల్లు మేం ఊడ్చుకోకుండా ఉండం. టర్కీ భాషలో లింగభేదం లేదు. ఉస్మానీ రాజవంశం ఏం చేసింది? మగవాడికి బిరుదు పేరు ముందు, ఆడదానికి పేరు వెనక. సుల్తాన్ సులేమాన్, హుర్రెమ్ సుల్తాన్. మాటలో లేని తేడాని చోటులో పెట్టారు. పార్సీలోనూ లింగం లేదు. 1967లో ఇరాన్ షా తన భార్యకు కిరీటం పెట్టినప్పుడు ఆమె 'షాబాను', అంటే షాకి చెందిన బాను. వ్యాకరణంలో లేనంత మాత్రాన ఇంట్లో లేకుండా పోదు.

భోపాల్ సంగతి వేరు. 1819 నుంచి 1926 దాకా, మధ్యలో కొన్నేళ్ళు మినహా, అక్కడ ఆడవాళ్ళే ఏలారు. సికందర్ బేగం, షాజహాన్ బేగం, సుల్తాన్ జహాన్ బేగం. పేర్లు చూడండి. ముందున్నవన్నీ రాజుల మాటలే, వెనక బేగం. బేగం అన్నది బేగ్ నుంచి వచ్చిన మాట, ఖానం ఖాన్ నుంచి వచ్చినట్టు. ఎవరి భార్యనో చెప్పే మాటను భోపాల్ తల్లులు గద్దె మాటగా మార్చేశారు. 1920లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ ఏర్పడితే మొదటి ఛాన్సలర్ సుల్తాన్ జహాన్ బేగమే. ఆ యూనివర్సిటీలో వైస్ ఛాన్సలర్ కుర్చీలో ఒక స్త్రీ, నయీమా ఖాతూన్, కూర్చోడానికి మాత్రం 2024 దాకా ఆగాల్సొచ్చింది.

ఇక మన ఊళ్ళకొద్దాం. అరబ్బీ పద్ధతిలో కరీం చెల్లెలు కరీమా, రషీద్ చెల్లెలు రషీదా. మన పల్లెల్లో దూదేకులోళ్ళు, కూలీనాలీ చేసుకునేవాళ్ళు ఆ దీర్ఘం కోసం చూళ్ళేదు. పీరు పేరుని ఉన్నది ఉన్నట్టు ఆడపిల్లకిచ్చి పక్కన 'బీ' చేర్చారు. హుస్సేన్‌బీ, ఖాసింబీ, మస్తాన్‌బీ, ఇమాంబీ. అదే పీరుకి మొక్కుకున్న పక్కింటి హిందువులు తమ బిడ్డని హుస్సేనమ్మ, మస్తానమ్మ, సైదమ్మ అన్నారు. దేవుని కడప గుళ్ళో ముస్లింలు ఉగాదినాడు దర్శించుకునే అల్లుడి పక్కనున్న ఆమె బీబీ నాంచారమ్మ. బీబీ పార్సీ నుంచి, నాంచారి తమిళ నాచ్చియార్ నుంచి, అమ్మ మనది. మూడు భాషల గౌరవం ఒక్క ఆడపేరులో ఉంది. గంగాజమునా తెహజీబ్ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ పేరొక్కటి సరిగ్గా చదివితే చాలు.

కానీ మన కథల్లో హవేలీ ఉంటే బేగం, గుడిసె ఉంటే బూబమ్మ. మాలోని అష్రాఫులకూ 'బీ' అంటే చిన్నచూపే. అవి అసలు ఇస్లామీ పేర్లే కావు, మార్చుకోమని చెప్పే పెద్దమనుషులూ బయల్దేరారు. మొగలుల్నెదిరించి అహ్మద్‌నగర్ కోటను కాపాడిన చాంద్ బీబీ పేరులోని బీబీయే మా హుస్సేన్‌బీ చివరి అక్షరం. మరి ఇందులో చిన్నతనం ఎక్కడుంది?

ఇదంతా మాటల ముచ్చటే కదా అనకండి. బెంగాల్, అస్సాం పల్లెల్లో ముస్లిం స్త్రీ పెళ్ళికి ముందు ఖాతూన్, పెళ్ళయ్యాక బీబీ లేదా బేగం, భర్త పోతే బేవా. మనిషి మాత్రం ఒకతే. 2019లో అస్సాం పౌరుల జాబితా తయారై 19 లక్షల పైచిలుకు మంది బయట మిగిలిపోయినప్పుడు, తండ్రి కాయితంలో ఒక పేరు, భర్త కాయితంలో ఇంకో పేరు ఉన్న ఆడవాళ్ళు తాము తామేనని రుజువు చేసుకోవాల్సొచ్చింది. మగవాడి పేరు పుట్టినప్పట్నుంచీ ఒకటే. ఆడదాని పేరే ఎవరి చేతిలో ఉందో దాన్నిబట్టి మారుతుంది. రాజ్యం దాన్నే తప్పుగా పట్టుకుంటుంది. రాణులకు గద్దె దగ్గర వచ్చిన అనుమానం ఈ తల్లులకు దేశం దగ్గర వచ్చింది.

అందుకే అడుగుతున్నాం. రజియాని సుల్తాన్ అనే రాయండి. హుస్సేన్‌బీని హుస్సేన్‌బీ అనే రాయండి. దిద్దకండి, సాగదీయకండి, బేగం చేసి పెద్దరికం కట్టబెట్టకండి. ఆమె పేరు చివర ఏముండాలో ఆమెనే చెప్పనివ్వండి.