పోటీపరీక్షల సామాన్యజ్ఞానము - నల్లగొండ నీరు చెప్పు పాఠము

సామాన్యజ్ఞానమనునది ఏ ఒక్క శాస్త్రమునకును చెందినది కాదు. చదువుకొనిన ప్రతి వ్యక్తికిని తన ఊరును గూర్చి, దేశమును గూర్చి, ప్రకృతిని గూర్చి తెలిసియుండవలసిన విషయముల సముదాయమునకే ఆ పేరు. ప్రభుత్వోద్యోగముల పోటీపరీక్షలలో దీనికి స్థానము కల్పించుటలో ఉద్దేశము స్పష్టమే. రేపు ప్రజల వ్యవహారములను చక్కబెట్టవలసిన ఉద్యోగికి, ఆ ప్రజలు దున్ను నేల, త్రాగు నీరు, పండించు పంట తెలిసియుండవలెను. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ జరుపు గ్రూపు-1 ప్రాథమిక పరీక్షలో 150 ప్రశ్నల పత్రము సామాన్యజ్ఞానమును, బుద్ధికుశలతను కలిపి పరీక్షించును. ప్రధాన పరీక్షలో శాస్త్ర సాంకేతిక విషయములకును, దత్తాంశముల వివరణకును కలిపి ఒక పత్రము ప్రత్యేకముగ కలదు.

ఈ పరీక్షల కొరకు తెలుగులో వెలువడు పుస్తకములలో ఎక్కువ ప్రచారము గలవి బిట్‌బ్యాంకులు. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు, వాటిలో సరియైనదాని సంఖ్య - పుట వెంట పుట ఇదే వరుస. వీని వలన లాభమెంత, నష్టమెంత అని విచారించుటకు నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతములకు చెందిన కొన్ని బిట్లను తీసికొనుట అనుకూలము. అక్కడి విద్యార్థి వానిని పుస్తకముతోనే కాక కంటితోను సరిచూచుకొనగలడు.

బిట్ల ప్రయోజనము

మొదట బిట్లకు చెందవలసిన గౌరవమును చెల్లింపవలెను. కొన్ని విషయములను జ్ఞాపకముంచుకొనుట తప్ప మార్గాంతరము లేదు. నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది 1955 డిసెంబరు 10న అనియు, కాలువలకు నీరు వదలినది 1967 ఆగస్టు 4న అనియు ఎంత తర్కించినను తేలదు, నేర్చుకొనవలసినదే. పెద్ద గ్రంథములు కొనలేని పేద విద్యార్థికి కొద్ది వెలకు వేల విషయములు ఒకచోట దొరకుట చిన్న ఉపకారము కాదు. చదివినదానిని పరీక్షకు ముందు మననము చేసికొనుటకు బిట్లకు మించిన సాధనము లేదు.

చిక్కంతయు ఎక్కడనగా, మననమునకు పనికివచ్చు పుస్తకమే మొదటి పాఠమగుచున్నది. చదువనిదానిని మననము చేయుటెట్లు?

పేరు తెలిసిన విషయము తెలిసినట్లేనా?

‘ఫ్లోరోసిస్ వ్యాధికి పేరుపొందిన జిల్లా ఏది?’ అను తరహా ప్రశ్నకు విద్యార్థి తడుముకొనకుండ ‘నల్లగొండ’ యని చెప్పును. జవాబు సరియైనదే. కాని ఈ ఒక్క మాటతో ఆగినవానికి నీటిలో ఫ్లోరైడు ఎక్కడనుండి వచ్చినదో, ఎంత ఉన్న ప్రమాదమో, ఒకే ఊరిలో ఒక బావి నీరు మంచిదై ప్రక్క బావి నీరు చెడ్డదగుట ఎట్లో తెలియదు. ఈ వ్యాధి ఆ జిల్లాలోనే పుట్టినదని భ్రమపడుట కూడ సులభము. యథార్థమునకు భారతదేశములో ఎముకలకు సోకు ఫ్లోరోసిస్‌ను గూర్చిన తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వెలువడినది. అది నాటి మదరాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లాకు సంబంధించినది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల క్రింద ఉన్నది ఎక్కువగ గ్రానైటు జాతి రాయి. ఆ రాతిలో ఫ్లోరైటు, ఎపటైటు, నల్ల అభ్రకము మున్నగు ఖనిజములు కలవు. వాన నీరు రాతి పగుళ్ళలోనికి దిగి, ఏండ్ల తరబడి నిలిచి, ఈ ఖనిజములనుండి ఫ్లోరైడును కరగించుకొనును. నీటిలో కాల్షియము సమృద్ధిగ నున్నచో అది ఫ్లోరైడుతో కలిసి కరగని కాల్షియం ఫ్లోరైడుగ అడుగునకు చేరును. కాల్షియము తక్కువై, సోడియం బైకార్బొనేటు ఎక్కువగు క్షారజలములో మాత్రము ఫ్లోరైడు స్వేచ్ఛగ నిలిచియుండును. కావుననే బావికి బావికి తేడా. వాన తక్కువై, ఎండ ఎక్కువై, బోరు లోతు పెరిగిన కొలది నీరు రాతితో కలిసియుండు కాలము పెరుగును. ఫ్లోరైడు హెచ్చుటకు అవకాశమును పెరుగును.

భారతీయ ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు. వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకొనవచ్చును. అంతకు మించిన నీరు త్రాగు పసిపిల్లలకు పండ్లపై గారచారలు పడును. లీటరుకు 3 మొదలు 6 మిల్లీగ్రాములున్న నీటిని చాలకాలము త్రాగినచో ఎముకలు చెడును. 10 మించినచో వెన్ను వంగి అవిటితనము కలుగవచ్చును.

ఇక్కడ చిన్న లెక్క యొకటి చేయదగును. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బావినీటిని నీడపట్టున కూర్చుండువాడు దినమునకు 2 లీటర్లు త్రాగెననుకొనుడు. అతని శరీరమునకు చేరునది 6 మిల్లీగ్రాములు. ఎండలో మట్టి మోయు కూలి 5 లీటర్లు త్రాగును. అతనికి చేరునది 15 మిల్లీగ్రాములు. బావి ఒక్కటే, వ్యాధి బరువు మాత్రము ఒక్కటి కాదు. ఇది ఏ బిట్టులోను ఇముడునది కాదు. కాని ఆ ప్రాంతమునకు ఉద్యోగిగ వెళ్ళువానికి మొట్టమొదట తెలిసియుండవలసినది ఇదియే.

పద్ధతికి పేరు, పనికి అర్థము

రెండవ బిట్టు ‘నల్లగొండ పద్ధతి’. ఏయే పదార్థములు వాడుదురని అడిగినచో పటిక, సున్నము, బ్లీచింగు పౌడరు అని జవాబు. ఈ పద్ధతిని రూపొందించినది నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ. నల్లగొండ పేరు దానికి పెట్టబడినది. పేరునుబట్టి ఆ జిల్లాలోనే కనుగొనబడినదని తలచుట పొరపాటు.

మూడు పేర్లు అప్పగించిన విద్యార్థిని ‘వీనిలో ఫ్లోరైడును తొలగించునది ఏది?’ అని అడిగి చూడవలెను. పటిక నీటిలో కరగి మెత్తని తెట్టువంటి అల్యూమినియం హైడ్రాక్సైడుగ మారి, ఫ్లోరైడును తనతో పట్టుకొని అడుగునకు దిగును. అందులకు తగిన క్షారగుణమును సున్నమిచ్చును. బ్లీచింగు పౌడరు పని సూక్ష్మజీవులను చంపుట మాత్రమే. ఫ్లోరైడుతో దానికి సంబంధము లేదు. పిదప తేటనీటిని వడగట్టుదురు. ఈ పద్ధతికి లోపములును కలవు. ఫ్లోరైడు మిక్కుటముగ నున్న నీటికి పటిక చాల కావలెను. కొలత తప్పినచో అల్యూమినియము నీటిలో మిగులును. దినదినము పేరుకొను మడ్డిని ఎక్కడ పారబోయుటయన్నది మరియొక సమస్య.

తెలియని తెలివి చేయు హానికి మంచి ఉదాహరణ నీటిని కాచుట. చెడ్డ నీటిని కాచి త్రాగవలెనని పాఠశాలలో నేర్పుదురు. అది సూక్ష్మజీవుల విషయములో సత్యము. కాని లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడున్న 10 లీటర్ల నీటిని 5 లీటర్లగువరకు మరగించినచో, ఆవిరియైనది నీరే గాని ఫ్లోరైడు కాదు గాన, మిగిలిన నీటిలో లీటరుకు సుమారు 4 మిల్లీగ్రాములుండును. బోరు ఎండినదని అదే చోట ఇంకను లోతుగ త్రవ్వింపుడని ఆజ్ఞయిచ్చు అధికారి కూడ, నీటిని పరీక్షింపనిచో, ఇట్టి ఉపకారమునే చేయగలడు. పరీక్షలో అతనికి పూర్తి మార్కు వచ్చియుండవచ్చును.

ఆనకట్ట ప్రక్కనే దాహము

మూడవ బిట్టు నాగార్జునసాగరము. ఎడమ కాలువ పేరు లాల్‌బహదూర్ కాలువ, కుడి కాలువ పేరు జవహర్ కాలువ, ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు - ఇవి కంఠస్థములు. ఇంత నీరు నల్లగొండ జిల్లాలోనే నిలిచియుండగ అదే జిల్లాలోని మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ ప్రాంతముల వారు దశాబ్దముల పాటు బోరునీరు త్రాగి రోగగ్రస్తులగుటకు కారణమేమి? ఈ ప్రశ్న బిట్‌బ్యాంకులలో అరుదు.

జవాబు భౌతికశాస్త్రములో కలదు. కాలువనీరు తనంతట పల్లమునకే పారును. జలాశయము పూర్తి నీటిమట్టము సముద్రమట్టముపై 590 అడుగులు. కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పల్లపు నేలలకు పారినది. జలాశయమునకంటె ఎత్తుననున్న మెట్టకు పారలేదు. అందువలననే పుట్టంగండి వద్ద నీటిని పంపులతో ఎత్తి అక్కంపల్లి జలాశయమునకు చేర్చవలసివచ్చినది. మహబూబ్‌నగర్ కథయు ఇట్టిదే. కృష్ణానది తెలంగాణలో అడుగిడునది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే. జూరాల అక్కడనే కలదు. అయినను ఏటి వానపాతము సుమారు 600 మిల్లీమీటర్లే యగుటచేతను, నది లోతున పారుటచేతను పొలములు ఎండి, పాలమూరు కూలీలు దేశదేశములకు వలసపోయిరి. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ - ఈ పథకములన్నింటికిని ‘ఎత్తిపోతల’ యను మాట చేరుటకు కారణమిదియే. విడివిడిగ చదివిన ఇవి నాలుగు బిట్లు. నీరు పల్లమెరుగునను సామెతను ఆ ప్రాంతపు పటముపై పెట్టి చూచినచో ఇవన్నియు ఒక్కటే విషయము. ఒక్కటియే గాన మరపునకు రాదు.

నేడు మిషన్ భగీరథ క్రింద శుద్ధిచేసిన నదీజలము గొట్టముల ద్వారా ఈ గ్రామములకు వచ్చుచున్నది. ఈ పథకమును 2016 ఆగస్టు 7న గజ్వేల్ ప్రాంతమున ప్రారంభించిరి. ఇది గొప్ప మేలు. అయినను వంగిన ఎముక మరల నిటారు కాదు. రాతిలోని ఫ్లోరైడును ఎక్కడికిని పోలేదు. నల్లా రాని దినమున బోరువద్దకు పోవు కుటుంబమునకు పాత ప్రమాదము పాతదిగనే యున్నది.

రెండు పిల్లలమర్రులు

పేరుతోనే ఆగుటవలన కలుగు చిక్కునకు మరియొక నిదర్శనము పిల్లలమర్రి. మహబూబ్‌నగర్ పట్టణ సమీపమున సుమారు 700 ఏండ్ల నాటిదని చెప్పబడు మహావృక్షము పిల్లలమర్రి. పాత నల్లగొండ జిల్లాలో, సూర్యాపేట చెంత, కాకతీయుల కాలపు శివాలయములు గల గ్రామమును పిల్లలమర్రియే. ‘పిల్లలమర్రి ఏ జిల్లాలో కలదు?’ అను ప్రశ్నకు చెట్టా, ఊరా అని తెలియక జవాబు లేదు.

చెట్టును గూర్చియైనను ‘ఎన్ని ఎకరములు?’ అను ప్రశ్నకంటె ‘ఎట్లు విస్తరించినది?’ అను ప్రశ్న విలువైనది. మర్రికొమ్మలనుండి వ్రేలాడు ఊడలు నేలనంటి వేళ్ళూని, స్తంభములై కొమ్మలను మోయును. ఊడలు నేలను చేరనిచో కొమ్మలు తమ బరువునకే విరుగును. 2017 డిసెంబరులో పెద్దకొమ్మ యొకటి విరిగిన పిమ్మట సందర్శకులను ఆపివేసిరి. 2018లో చెదలను చంపుటకు, రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలనుండి చుక్కచుక్కగ మందును మ్రానులోనికి పంపిరి. ఒక్క చెట్టు చెంత వృక్షశాస్త్రమును, కీటకశాస్త్రమును నేర్పవచ్చును.

కాలముతో మారు జవాబులు

కొన్ని బిట్లు పండ్లవలె చెడిపోవును. తెలంగాణలో జిల్లాలెన్ని అనిన 2014లో 10, 2016 అక్టోబరు 11 నుండి 31, 2019 ఫిబ్రవరి నుండి 33. పాత నల్లగొండ నేడు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అను మూడు జిల్లాలు. పాత మహబూబ్‌నగర్‌నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలు ఏర్పడినవి. కావున ‘ఫ్లోరైడు జిల్లా నల్లగొండ’ యను మాటయు నేడు చాలదు. బాధిత గ్రామములు గల చౌటుప్పల్, నారాయణపురము మండలములు యాదాద్రి భువనగిరికి చేరినవి. జిల్లా సరిహద్దును ప్రభుత్వము మార్చగలదు. రాతి సరిహద్దు మారదు. రాయిని చదివినవానికి ఈ మార్పు వలన కలత లేదు.

ఉపాధ్యాయులు చేయదగినది

దోషమంతయు పుస్తకములదే యనుట న్యాయము కాదు. పరీక్షాపత్రములు పేర్లనే అడిగినంతకాలము పుస్తకములు పేర్లనే అమ్మును. ఇటీవల కేంద్ర సివిల్ సర్వీసుల ప్రాథమిక పరీక్షలో రెండు మూడు వాక్యములనిచ్చి ఏవి సరియైనవో, ఒకటి మరియొకదానికి కారణమగునో కాదో తేల్చుమను ప్రశ్నలు ఎక్కువగ కనబడుచున్నవి. ఇది మేలైన మార్పు. బిట్లను మాత్రమే నమ్మినవాడు ఇట్టి ప్రశ్నవద్ద చిక్కుకొనును.

ఉన్నతపాఠశాలలో ఈ మార్పునకు ఖర్చు లేదు. తరగతిలో ఒక బిట్టు చెప్పినప్పుడెల్ల దానివెంట ‘ఏల?’, ‘ఎంత?’ అను రెండు ప్రశ్నలను చేర్చినచో చాలును. ఉదాహరణకు: ఒక ఊరిలో రెండు బావులు కలవు. ఒకదానిలో ఫ్లోరైడు లీటరుకు 0.8, రెండవదానిలో 2.4 మిల్లీగ్రాములు. రెంటిని సమముగ కలిపినచో 1.6 అగును, అది పరిమితిని మించినది. 1 మిల్లీగ్రాము కావలెనన్న ఏ పాళ్ళలో కలుపవలెను? మంచినీరు 7 పాళ్ళు, చెడ్డనీరు 1 పాలు. ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగల ఈ లెక్కలో రసాయనశాస్త్రము, గణితము, గ్రామపాలన మూడును కలవు.

ఈ లెక్క చేసిన బాలుడు రేపు గ్రూపు-1లో నెగ్గినను నెగ్గకున్నను, తన ఇంటి కుండలోని నీటిని గూర్చి అడుగవలసిన ప్రశ్న అతనికి తెలిసియుండును. నెగ్గి అధికారియైనచో ఒక మండలమంతటి కొరకు ఆ ప్రశ్నను అడుగగలడు. సామాన్యజ్ఞానమునకు పరీక్షలో చోటిచ్చినది అందుకొరకే.