కెర్నెల్ దోషాన్వేషణ: లక్షణమా, కారణమా?

ప్రోగ్రాములకు మెమరీని పంచునదియు, ప్రాసెసరు వద్ద వాటికి వంతులు నిర్ణయించునదియు, డిస్కు, కీబోర్డు మొదలగు పరికరములతో వ్యవహరించునదియు ఆపరేటింగ్ సిస్టంలోని కెర్నెల్ అను భాగమే. మామూలు ప్రోగ్రాములో తప్పున్నచో సాధారణముగా ఆ ప్రోగ్రాము మాత్రమే ఆగిపోవును. కెర్నెల్‌లో తప్పున్నచో యంత్రమంతయు స్తంభింపవచ్చును; తప్పును చూపవలసిన సాధనములును దానితోపాటే మూగవోవచ్చును. ఇట్టి దోషములను వెదకు పద్ధతులను ప్రారంభకులకు బోధించిన గ్రంథములలో కార్బెట్, రుబిని, క్రోవా-హార్ట్‌మన్ రచించిన 'లినక్స్ డివైస్ డ్రైవర్స్' ఒకటి. 2005లో వెలువడిన మూడవ కూర్పులో నాలుగవ అధ్యాయము ఈ విషయమునకే కేటాయింపబడినది.

ఈ అధ్యాయములో మెచ్చదగిన గుణము సామాన్య సాధనములకు ఇచ్చిన ప్రాధాన్యము. 'ప్రింట్‌కె' అను ఫంక్షనుతో కెర్నెల్ తన స్థితిని తానే వ్రాసి చూపును. ఆ సందేశములకు 0 నుండి 7 వరకు ఎనిమిది తరగతులు కలవు. 0 అత్యంత ప్రమాదకరము. పిమ్మట గ్రంథకర్తలు కావలెనని తప్పు పెట్టిన ఒక చిన్న మాడ్యూలును నడిపించి, కెర్నెల్ వెలువరించు 'ఊప్స్' నివేదికను చదువుట నేర్పిరి. 16 బైట్ల ఫంక్షనులో 4 బైట్లు సాగిన పిమ్మట దోషము సంభవించినదని ఆ నివేదికయే తెలుపును. గుడ్డిగా ఊహింపక సాక్ష్యమును చదువుట ఇచ్చట విద్యార్థికి అలవడును.

లోపము వేరొకచోట నున్నది. శూన్య పాయింటరు వలన దోషము కలిగినదని తెలియగానే, తొందరపడు విద్యార్థి 'పాయింటరు శూన్యమైనచో వెనుదిరుగుము' అను పరీక్షను చేర్చి పని ముగిసినదని తలచును. యంత్రము ఆగిపోవుట తప్పును. కాని చిరునామా ఉండవలసిన చోట శూన్యమెట్లు చేరెనను ప్రశ్న మిగిలియే యుండును. ఇది జ్వరమును అణచి వ్యాధిని విడిచిపెట్టుట వంటిది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ డీబగ్గర్లను ఇష్టపడకపోవుటకు ఈ భయమే కారణమని గ్రంథకర్తలు చెప్పి, అంతటితో ముందుకు సాగిపోయిరి. భయము న్యాయమైనదే. కాని నేరము సాధనముది కాదు. ప్రింట్‌కెతో వెదకువాడును లక్షణమునకే అతుకు వేయవచ్చును. 2008లో 'కెజిడిబి' అను డీబగ్గరు లినక్స్ 2.6.26లో చేరనే చేరినది.

అధ్యాయ విభజన సాధనములను బట్టి జరిగినదే గాని పరిశోధన క్రమమును బట్టి జరుగలేదు. దోషమును మరల మరల కలిగించుట, ఒక్కొక్క మార్పునే చేసి ఫలితము చూచుట, కారణమును ఊహించి పరీక్షించుట అను మెట్లకు ప్రత్యేక శీర్షికలు లేవు. ప్రింట్‌కె సందేశములు సైతము కాలగతిని మార్చును; కావున క్షణభేదముపై ఆధారపడిన దోషము, చూడబోయినంతనే మాయము కావచ్చును.

2008 నాటి 'ఎఫ్‌ట్రేస్', 2015లో చేరిన మెమరీ దోషశోధకము 'కెఏశాన్' ఈ కూర్పునకు తరువాతివి. అయినను సాధనములు పాతబడినంత త్వరగా పద్ధతి పాతబడదు. వర్చువల్ మెషీనులో ప్రయోగములు చేయుచు, ప్రతి పుటకును 'ఇది లక్షణమా, కారణమా?' అను ప్రశ్నను జోడించి బోధించినచో, ఈ అధ్యాయము ఉపాధ్యాయులకు నేటికిని ఉపకరించును.