ఊరణి కాపలా, బావి వంతు

విళాత్తికుళం దాటి వేంబారు వైపు పోతుంటే, సముద్రపు ఇసుక మొదలయ్యేదాకా దారికి రెండు పక్కలా నల్లరేగడే. తమిళంలో కరిసల్ అంటారు. ఎండాకాలంలో పిడికిలి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, కార్తీకపు వానలకు బండి ఇరుసుదాకా దిగబడుతుంది. వైప్పారు ఉంది గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో కనిపించేది ఇసుకే. బావి తవ్వితే చాలాచోట్ల ఉప్పునీళ్లు పడతాయి. ఇలాంటి నేల మీద, ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడుకుంటూ, వందల ఏళ్లుగా ఊళ్లు నిలబడి ఉన్నాయి. వాళ్లు ఏ రాజు వెంట వచ్చారన్న కథ కావలసినన్ని సార్లు చెప్పుకున్నాం. వచ్చాక ఏం తాగి బతికారన్నది అడిగినవాళ్లు తక్కువ.

రాక సంగతి క్లుప్తంగా: 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టాడు. దేశాన్ని 72 పాళెపట్లుగా పంచారు. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి లాంటి చోట్ల పాళెగాళ్లు తెలుగువాళ్లే. సైన్యాల వెంట కొందరు, కరువులకూ యుద్ధాలకూ తట్టుకోలేక కొందరు, పశువుల మందలతో మరికొందరు దక్షిణానికి నడిచారు. అప్పటికే వైగై, తామ్రపర్ణి ఒడ్డున వరి పండే మాగాణి అంతా ఎవరి చేతుల్లో ఉండాలో వాళ్ల చేతుల్లో ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మిగిలింది మెట్ట. తిరునల్వేలి రైతుల చరిత్ర రాసిన డేవిడ్ లడెన్ కూడా ఈ పంపకాన్నే చూపిస్తాడు. అయితే రేగడి చేను అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాడికి కొత్తేమీ కాదు. ఎప్పుడు దున్నాలో, ఎప్పుడు ముట్టుకోకూడదో తెలుసు. పత్తిలో మినుము, సజ్జలో కంది కలిపి చల్లితే ఒకటి పోయినా ఇంకొకటి ఇంటికి వస్తుందని తెలుసు. తెలియనిది తాగునీటి సంగతి.

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి.రాజనారాయణన్ ఇల్లు తెలుగిల్లు. రాసింది తమిళంలో. 1976లో వచ్చిన ఆయన ‘గోపల్ల గ్రామం’ నవల అలా వలస వచ్చి అడవి కొట్టి ఊరు నిలబెట్టుకున్న తెలుగువాళ్ల కథ. దాని తరువాయి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన చివరి దశాబ్దాలు పుదుచ్చేరిలో గడిచాయి, 2021లో అక్కడే పోయారు. ఆ ఊరి పక్కనే, సముద్రానికి కాస్త ఎడంగా, 1968లో మొదలైన ఆరోవిల్ ఉంది. ఎక్కడెక్కడి మనుషులో కోరి వచ్చి కలిసి బతకాలనుకున్న చోటు. చెట్టూ చేమా లేని ఆ ఎర్రమట్టి దిబ్బ మీద వాళ్లు మొదట చేసిన పనుల్లో ఒకటి, వానకు మట్టి సముద్రంలోకి కొట్టుకుపోకుండా గట్లు వెయ్యడం. చదువులు వేరు, కాలాలు వేరు, కొత్తగా ఊరు కట్టుకునేవాడి మొదటి పని మాత్రం ఒకటే: పడిన వానను పట్టి నిలపడం.

కరిసల్ ఊళ్లలో ఆ పని పేరు ఊరణి. తాగడానికి మాత్రమే వాడే గుంట. సేద్యపు చెరువు వేరు, పశువుల మడుగు వేరు, బట్టలుతికే చోటు వేరు. రేగడి కింద బంకమన్ను ఉంటుంది కాబట్టి నీళ్లు ఇంకిపోవు. ఇది నేల చేసే మేలు. మిగిలినదంతా మనిషి చెయ్యాలి. గుంటను వెడల్పు తగ్గించి లోతు పెంచుతారు, ఎండకు ఆవిరయ్యేది తగ్గుతుంది. వాన నీళ్లు పారివచ్చే మేరంతా శుభ్రంగా ఉంచుతారు. అక్కడ పశువుల్ని కట్టకూడదు, బహిర్భూమికి పోకూడదు. నీరు లోపలికి వచ్చే దారిలో చిన్న గుంట ఒకటి తీస్తారు, బురద అందులో నిలిచిపోతుంది. చుట్టూ ముళ్లకంచె, దిగడానికి ఒక్క వైపే మెట్లు, చెప్పులు గట్టు మీదే. కొన్నిచోట్ల ఊరణి అడుగున చిన్న బావి కూడా ఉంటుంది. పైనీళ్లు అయిపోయాక చైత్ర వైశాఖాల్లో ఆ బావిలోకి ఊరేదే ఊరికి ఆధారం.

ఇన్ని చేసినా నీళ్లు తేటగా ఉండవు. రేగడి బంక ఎంత సన్ననిదంటే, కుండలో రెండు రోజులు ఉంచినా పాలు కలిపినట్టే ఉంటుంది. రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉండి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, అందుకే అడుక్కి దిగవు. దానికి మందు చిల్లగింజ. ఇందుప గింజ అన్నా అదే, తమిళులు తేత్తాన్ కొట్టై అంటారు. మట్టికుండ లోపలి గరుకు గోడకు ఆ గింజను తడిపి కాసేపు అరగదీస్తారు. గంధంలా దిగిన ఆ రసం మీద నీళ్లు పోసి కలిపి వదిలేస్తే, అందులోని పదార్థం రేణువులను ఒకదానికొకటి అంటిస్తుంది. ముద్దలు బరువెక్కి అడుక్కి చేరతాయి, పైన తేట మిగులుతుంది. క్రిములన్నిటినీ ఇది చంపదు, కాచుకోవలసిందే. కానీ ఇంటింటా ఉండే ఆ గింజ ఖర్చు లేనిది, ఒక్క గింజ చాలా రోజులు వస్తుంది.

పైది చదివి ఎవరైనా ఈ ఊళ్లను స్వర్గంలా ఊహించుకుంటే పొరపాటు. ఊరణి అందరిదీ కాదు. దళితవాడకు చాలా ఊళ్లలో ఆ మెట్లు దిగే హక్కు ఉండేది కాదు. వాళ్లకు వేరే గుంట ఉండేది, లేదా పైనుంచి ఎవరో పోసేదాకా కడవతో నిలబడాల్సి వచ్చేది. చెరువు తూము కాచే నీర్కట్టి, అంటే మన నీరుగంటి, చాలాచోట్ల దళితుడే. ఎవరి మడికి ఎన్ని గంటలు నీళ్లు వదలాలో నిర్ణయం అతని చేతిలో పెట్టి, తాగునీటి గట్టు మాత్రం ఎక్కనివ్వని కట్టుబాటు అది. కలిసి బతకడం అన్న మాట వాడేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టి మాట్లాడటం నాకు నచ్చదు.

చెరువు మరమ్మతుకు ఏటా ఎండల్లో ఇంటికో మనిషి రావాల్సి ఉండేది. పూడిక తీసి, ఆ ఒండ్రు మట్టినే బండ్ల మీద చేలకు తోలుకునేవాళ్లు. చెరువు లోతవుతుంది, చేను బలుస్తుంది. తమిళనాట దీన్ని కుడిమరామత్తు అంటారు. నీరుగంటికి జీతం లేదు, పంట నూర్చినప్పుడు కళ్లంలో మేర కొలిచేవాళ్లు. పంట ఎండితే అతనికీ లేదు. కాబట్టి ఆఖరి మడి దాకా నీళ్లు చేరడంలో అతని పొట్ట ఉంది. కంపెనీ ప్రభుత్వం వచ్చి పన్ను డబ్బులో లెక్కగట్టి, మాన్యాలనూ మేరలనూ తన ఖాతాలోకి లాక్కున్నాక, మనుషులు మరమ్మతుకు రావడం తగ్గింది. దానికి విరుగుడుగా ప్రభుత్వం మద్రాసు ప్రెసిడెన్సీ కోసం 1858లో నిర్బంధ శ్రమ చట్టం చేసింది. ఊరు తనంతట తాను చేసుకునే పనిని శిక్ష భయంతో చేయించాలనుకుంది. అది పెద్దగా పారలేదు.

కోయంబత్తూరు కథ వేరే. పీలమేడు, కలంగల్, ఆవారంపాళయం లాంటి ఊళ్లలో స్థిరపడ్డ తెలుగు కమ్మవారికి నల్లనేలా ఉంది, దాని కింద మంచినీళ్లూ ఉన్నాయి. రాతిలో తొలిచిన పెద్ద బావుల్లోంచి నీళ్లు తోడింది కపిల. తమిళంలో కవలై. మన రాయలసీమ పెద్దవాళ్లు చూస్తే ఇట్టే గుర్తుపడతారు.

బావి ఒరమీద రెండు రాటలు, వాటి మధ్య పైన గిలక, కింద గట్టు అంచున ఒక దొర్లుడు కర్ర. తోలు బానకు అడుగున ఏనుగు తొండం లాంటి తోలుగొట్టం వేలాడుతుంది. మోకు గిలక మీదుగా, సన్నతాడు దొర్లుడు కర్ర మీదుగా పోయి రెండూ ఎద్దుల కాడికి చేరతాయి. బాన బావిలో ఉన్నంతసేపూ సన్నతాడు తొండాన్ని పైకి మడిచి పట్టుకుంటుంది, చుక్క కారదు. ఎద్దులు ఏటవాలు దారిలో కిందికి దిగుతాయి. తోలేవాడు మోకు మీద కూర్చుంటాడు, అతని బరువూ లాగుడుకు కలిసి వస్తుంది. బాన పైకి రాగానే తొండం దొర్లుడు కర్ర దాటి తొట్టిలోకి సాగుతుంది, నీళ్లు వాటంతటవే కుమ్మరించుకుంటాయి. బావి దగ్గర ఇంకో మనిషి అక్కర్లేదు. ఎద్దులు మళ్లీ ఎక్కుతాయి, బాన దిగుతుంది. తోలు తెగితే మాదిగలు, రాట విరిగితే వడ్రంగి, అన్నీ ఊళ్లోనే.

ఈ యంత్రంలో నాకు గొప్పగా కనిపించేది దాని తెలివి కంటే దాని చేతకానితనం. ఎద్దు అలిసిపోతుంది. పొద్దు ఎక్కేసరికి కాడి దించాలి. ఆ విరామంలో బావిలో నీళ్లు మళ్లీ ఊరతాయి. నీటిమట్టం మరీ లోతుకు పోతే తోడినదానికి ఎద్దుల మేత ఖర్చే ఎక్కువ, అప్పుడు రైతే పైరు తగ్గించుకుంటాడు. ఎవరూ చట్టం చెయ్యకుండానే బావికి ఒక హద్దు ఉండేది. అన్నదమ్ములు విడిపోతే చేను పంచుకున్నట్టే బావినీ వంతులు వేసుకునేవాళ్లు. నీకు ఇన్ని రోజులు, నాకు ఇన్ని. చేను అమ్మితే దస్తావేజులో బావిలో వాటా కూడా రాసేవాళ్లు. పూడిక తీసే ఖర్చూ ఆ వాటాల ప్రకారమే.

20వ శతాబ్దం మొదట్లో కంబోడియా పత్తి వచ్చింది. పొడవు నార, మంచి ధర, కానీ తడి కావాలి. బావుల మీద ఒత్తిడి అక్కడ మొదలైంది. 1932లో నీలగిరుల్లోని పైకారా నుంచి కరెంటు దిగింది, మిల్లులు లేచాయి. కలంగల్‌లో రైతు ఇంట పుట్టిన జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడితో కలిసి 1937లో మోటారు తయారుచేశాడు. దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా దాన్ని చెప్పుకుంటారు. ఆ తర్వాత కోయంబత్తూరు పంపులు దేశమంతా తిరిగాయి. కపిల తోలిన కుటుంబాల పిల్లలే కపిలను మూలన పెట్టారు, గర్వపడవలసిన సంగతే. రోజంతా మోకు మీద ఎగిరి కూర్చున్నవాడికి ఆ గర్వం ఇంకా బాగా అర్థమవుతుంది. అయితే మోటారుకు అలుపు లేదు. ఒకే బావిలో వాటాదారులు తలో పైపూ దించారు, రోజుల వంతు పోయి హార్స్‌పవర్ పోటీ వచ్చింది. బావి ఎండితే బోరు, బోరు ఎండితే ఇంకో బోరు. ఇవాళ ఆ జిల్లాలో వెయ్యి అడుగులు దాటిన బోర్లు వింత కాదు. మళ్లీ ఎద్దుల దగ్గరికి పొమ్మని ఎవరూ అనరు, అనకూడదు. మోటారు వచ్చిననాడు వంతును కూడా దానికి తగ్గట్టు మళ్లీ రాసుకోవలసింది, అది జరగలేదు.

2017లో తమిళనాడు ప్రభుత్వం కుడిమరామత్తు అనే పాత పేరుతోనే చెరువుల పథకం పెట్టింది. అంతకు ముందునుంచే మదురై కేంద్రంగా ధాన్ ఫౌండేషన్ చెరువు సంఘాలు కట్టి, ఊరణులను బాగుచేయిస్తోంది. గట్టు పెంచడం, పూడిక తియ్యడం యంత్రాలతో వారాల్లో అయ్యే పని. తూము దగ్గర రాత్రి కాపలా ఉండేవాడిని దొరికించుకోవడమే కష్టం. కుళాయి వచ్చిన ఊళ్లో ఊరణి కంచె ఎందుకని అడిగే కుర్రాళ్లకు జవాబు చెప్పడమూ కష్టమే, కుళాయి ఆగిపోయే ఎండాకాలం వచ్చేదాకా. మదురై, రామనాథపురం వైపు కొన్ని చెరువుల కింద రైతులు నీర్కట్టికి ఇప్పటికీ కళ్లంలో ధాన్యం కొలుస్తున్నారు. మిగిలిన ఊళ్లలో అతని కొడుకులు తిరుప్పూరు బనియన్ కంపెనీలకో, కోయంబత్తూరు ఫౌండ్రీలకో పోయారు, నెల తిరిగేసరికి జీతం వచ్చే చోటికి.