వంతపాట ఆట ఎప్పుడవుతుంది?

చీర్‌లీడింగ్ క్రీడ అవునా కాదా అన్నది పట్టించుకోదగిన ప్రశ్నే కాదని నేను చాలాకాలం అనుకున్నాను. 2008లో ఐ.పి.ఎల్. క్రికెట్‌తో పాటు చీర్‌లీడర్లు మన మైదానాలకు వచ్చారు. అప్పుడు నేను డిగ్రీ విద్యార్థిని. పెట్టుబడి స్త్రీ శరీరాన్ని సరుకు చేసి అమ్ముతున్నదని మా మిత్రబృందం ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఆ మాట అబద్ధం కాదు. కాని సంప్రదాయ రక్షకులకూ వాళ్ళను చూస్తే కోపమే. ఈ ఏడు తరగతిలో నేను పాత వాక్యాన్నే వల్లిస్తే, కబడ్డీ ఆడే ఒక అమ్మాయి లేచి, "అంత ఎత్తు నుంచి పడితే ఎముక విరగదా సార్? వైద్యం ఖర్చు ఎవరిది?" అన్నది. నా వాక్యంలో దానికి జవాబు లేదు.

మన బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. వాళ్ళు లేకపోతే కథ నడవదు. ఫుట్‌బాల్ ఆట చీర్‌లీడర్లు లేకున్నా నడుస్తుంది. కనుక గట్టు మీద నిలబడి ఇతరుల ఆటకు ఉత్సాహం తెప్పించడం క్రీడ కాదనే నా అభిప్రాయం. అయితే అమెరికాలో ఈ వంతలు ఏనాడో కథకుణ్ణి వదిలేసి సొంత ప్రదర్శనలు మొదలుపెట్టారు. జట్లు జట్లుగా పోటీపడతారు, మనిషి మీద మనిషి నిలబడతారు, గాలిలో పల్టీలు కొడతారు, న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. మార్కులు వేసేది క్రీడ కాదనేవారు జిమ్నాస్టిక్స్‌ను ఏం చేస్తారు? ఈ రెండవ రకాన్ని క్రీడ కాదనడానికి నాకు కారణం కనబడదు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం కూడా 2021లో దీని అంతర్జాతీయ సమాఖ్యకు పూర్తి గుర్తింపు ఇచ్చింది.

తొలి చీర్‌లీడర్లు మగవాళ్ళేనని మనలో ఎందరికి తెలుసు? 1898లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి ముందుకు వచ్చి ప్రేక్షకుల చేత కేకలు వేయించాడు. స్త్రీలు ప్రవేశించినది 1920 తర్వాత. రెండవ ప్రపంచ యుద్ధానికి మగపిల్లలు వెళ్ళాక ఆ చోటు క్రమంగా వాళ్ళదైంది. మగవాడు చేసినప్పుడు నాయకత్వం అనిపించుకున్న పని ఆడది చేసేసరికి అలంకారమైంది!

ఇక అసలు తగాదాకు వస్తాను. అమెరికాలో ప్రభుత్వ ధనం పుచ్చుకునే విద్యాసంస్థలు ఆడపిల్లల పట్ల వివక్ష చూపరాదని 1972లో 'టైటిల్ 9' అనే చట్టం వచ్చింది. ఆటలకూ అది వర్తిస్తుంది. 2009లో కనెక్టికట్ రాష్ట్రంలోని క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం స్త్రీల వాలీబాల్ జట్టును రద్దుచేసి, దాని స్థానంలో పోటీ చీర్‌లీడింగ్‌ను క్రీడగా పెట్టబోయింది. స్త్రీల పట్ల హఠాత్తుగా పుట్టుకొచ్చిన గౌరవం కాదిది. తక్కువ ఖర్చుతో ఎక్కువమంది ఆడపిల్లలను లెక్కలో చూపించవచ్చు, అంతే. వాలీబాల్ అమ్మాయిలూ, వాళ్ళ కోచ్ కోర్టుకు వెళ్ళారు. 2010లో జడ్జి అండర్‌హిల్ వాళ్ళ పక్షాన తీర్పు చెప్పాడు. పోటీ చీర్‌లీడింగ్‌కు ఒక క్రమమైన నియమావళి గాని, నిలకడైన పోటీల వ్యవస్థ గాని ఇంకా ఏర్పడలేదనీ, ఈ చట్టం కింద దాన్ని అప్పటికి క్రీడగా లెక్కించడానికి వీలులేదనీ ఆయన నిర్ణయం. 2012లో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది.

ఆ తీర్పు న్యాయమైనదే. ఒక జట్టు నోటిదగ్గర కూడు లాగి మరొక జట్టుకు పెట్టడాన్ని సమానత్వం అనరు. కాని పల్టీలు కొట్టే అమ్మాయిల సంగతి? అమెరికా పిల్లల వైద్యుల సంఘం అదే 2012లో ఒక నివేదిక వెలువరించింది. హైస్కూలు క్రీడాకారిణులకు అంతకుముందు పాతికేళ్ళలో తగిలిన అతి ప్రమాదకరమైన గాయాలలో సుమారు మూడింట రెండు వంతులు చీర్‌లీడింగ్‌లో తగిలినవే. దాన్ని క్రీడగా గుర్తించాలని ఆ డాక్టర్లు కోరారు. ఎందుకు? క్రీడ అయితే శిక్షణ పొందిన కోచ్ వస్తాడు, గాయాలు చూసేవాళ్ళుంటారు, నియమాలుంటాయి. మా కబడ్డీ అమ్మాయి అడిగిన ప్రశ్ననే వాళ్ళూ అడిగారు.

గట్టు మీద మిగిలినవాళ్ళ మాటేమిటి? వాళ్ళది క్రీడ కాదన్నాను. అయితే అది పని. పనికి కూలి వుండాలి. 2014లో ఓక్లండ్ రైడర్స్ ఫుట్‌బాల్ జట్టు చీర్‌లీడర్లు దావా వేసేదాకా వాళ్ళకు ముట్టినది ఆటకు 125 డాలర్లు. అభ్యాసం చేసిన గంటలకు ఏమీ లేదు. అదే ఏడు 12 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. 2015లో కాలిఫోర్నియా శాసనసభ ఇలాంటివాళ్ళు ఉద్యోగులేనని చట్టం చేసింది. దాన్ని ప్రతిపాదించిన సభ్యురాలు లోరెనా గొంజాలెజ్ ఒకప్పుడు తానే చీర్‌లీడర్. యజమానులు వాళ్ళ పొట్టి బట్టల మీద లాభం గడిస్తున్న కాలంలో మనం ఆ బట్టలను విమర్శిస్తూ కూర్చున్నాం, కూలి అడగలేదు. మన మైదానాలలో గంతులు వేసినవాళ్ళకు ఎంత ఇచ్చారని మా బృందంలో ఎవరమూ విచారించలేదు. నేను కూడా.

పోటీ చీర్‌లీడింగ్ కథ కోర్టుతో ఆగిపోలేదు. దాని నుంచే పుట్టిన 'ఆక్రొబాటిక్స్ అండ్ టంబ్లింగ్' అనే ఆటను అమెరికా కళాశాలల క్రీడా సంఘం 2020లో స్త్రీలకు కొత్తగా ఎదుగుతున్న క్రీడల జాబితాలో చేర్చింది. అందులో రెండు జట్లు ఎదురెదురుగా తలపడతాయి. పల్టీలున్నాయి, మనుషుల గోపురాలున్నాయి. చేతుల్లో పాంపాం కుచ్చులు లేవు, ఎవరినో గెలిపించడానికి వేసే కేకలు లేవు.